పెన్న ఒడ్డున నాటిన కల: పొణకా కనకమ్మ గారి జీవితం మనకు చెప్పేది

బడి వార్షికోత్సవమైనా, పదో తరగతి పిల్లల వీడ్కోలు సభైనా, వేదిక ఎక్కిన పెద్దలు పిల్లలకు రెండు మాటలు చెప్పకుండా దిగరు. పెద్ద కలలు కనమంటారు. కష్టపడి ఆ కలల్ని నిజం చేసుకోమంటారు. అబ్దుల్ కలాం గారి పేరు చెబుతారు, చప్పట్లు మోగుతాయి. ఆ మాటల్లో తప్పేమీ లేదు. మనలో చాలామంది అలాంటి మాటలు విని, నమ్మి, చదువుకుని ఒక దారికి వచ్చినవాళ్ళమే.

అయితే కలలకూ కష్టానికీ ఉదాహరణ కావాలంటే మనం రామేశ్వరం దాకా వెళ్ళనక్కర్లేదు. మన ఇందుకూరుపేట మండలంలోనే, పెన్న ఒడ్డున ఉన్న పల్లిపాడు గ్రామంలో అంతటి చరిత్ర ఉంది. ఆ ఊరి పేరు వినగానే గాంధీ ఆశ్రమం అంటాం. గాంధీ గారు వచ్చారనీ, ఆశ్రమాన్ని ప్రారంభించారనీ చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. ఆ ఆశ్రమానికి కాలు మోపే చోటిచ్చిన మహిళ గురించీ, ఆమె కట్టిన బడి గురించీ మాట్లాడుకునేది తక్కువ. మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికలో ఆమెను తలుచుకోవడం సముచితమనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఎందుకంటే ఆమె బడికి వెళ్ళి చదువుకున్న మనిషి కాదు. అయినా వేలమంది ఆడపిల్లల కోసం బడి పెట్టింది.

బడి లేని బాల్యం

పొణకా కనకమ్మ గారు 1892 జూన్ 10న నెల్లూరు జిల్లా మినగల్లులో పుట్టారు. పుట్టింటివారు మరుపూరు వారు. కలిగిన కుటుంబం. చిన్నతనంలోనే పొట్లపూడికి చెందిన పొణకా సుబ్బరామిరెడ్డి గారితో పెళ్ళి జరిగింది. ఆ రోజుల్లో అది వింతేమీ కాదు. ఆడపిల్ల పెళ్ళికి కనీసం 14 ఏళ్ళు ఉండాలని చెప్పే శారదా చట్టం రావడానికి 1929 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ కాలం ఎలాంటిదో ఒక్క లెక్కతో తెలుస్తుంది. 1911 జనాభా లెక్కల నాటికి మన దేశంలో చదవడం, రాయడం వచ్చిన స్త్రీలు నూటికి ఒక్కరు. మిగిలిన తొంభైతొమ్మిది మందిలో తెలివి లేక కాదు, ఓపిక లేక కాదు. చదువుకుందామంటే బడి లేదు. బడి ఉంటే పంపేవారు లేరు. కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచింది 1874లో. ఆ తర్వాత నలభై ఏళ్ళు గడిచినా పల్లెటూరి పెద్దిళ్ళలోనూ ఆడపిల్ల చదువంటే ఇంటి గడప లోపలి వ్యవహారమే.

కనకమ్మ గారు ఆ గడప లోపలే ఉండి చదువుకున్నారు. తెలుగు, సంస్కృతం, హిందీ, ఇంగ్లీషు స్వయంకృషితో నేర్చుకున్నారు. పరీక్షలు లేవు, మార్కులు లేవు, ఫస్ట్ క్లాసు వచ్చిందని ఊళ్ళో చెప్పుకునే అవకాశం లేదు. ఇంటిపనీ, సంసారమూ చూసుకుంటూ మిగిలిన వేళల్లో పట్టుదలగా చేసిన చదువు అది. ఆ చదువే తర్వాత ఆమెను కవయిత్రిని చేసింది. ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మ గారితో కలిసి ఆమె పద్యరచన కూడా చేశారు.

ఆమె తన చదువుతో తృప్తిపడి ఊరుకోలేదు. 1907లో, అంటే పదిహేనేళ్ళ వయసులో, పొట్లపూడిలో సుజన రంజనీ సమాజం ఏర్పడడంలో ముందు నిలిచారు. తర్వాత అక్కడే వివేకానంద గ్రంథాలయం వెలిసింది. పదిహేనేళ్ళంటే ఈ రోజు మన బడిలో పదో తరగతి చదువుతున్న అమ్మాయి వయసు. ఆ వయసులో ఊరికి ఒక సమాజం కావాలని, చదువుకోవడానికి పుస్తకాలు కావాలని తలపెట్టడం మాటలు కాదు.

పల్లిపాడులో ఆశ్రమం

దేశంలో స్వాతంత్ర్యోద్యమం వేడెక్కుతున్న కాలమది. మొదట్లో కనకమ్మ గారి మనసు తిలక్ వంటి అతివాద నాయకుల మార్గం వైపు మొగ్గింది. తర్వాత గాంధీ గారి ఆలోచన ఆమెను ఆకట్టుకుంది. ఆ మార్పుకు పల్లిపాడు నేలే సాక్ష్యం.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు వసూలు చేయాలనీ, కాంగ్రెస్‌లో కోటిమందిని చేర్పించాలనీ, దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలనీ అక్కడే తీర్మానించారు. ఆ సభల తర్వాత గాంధీ గారు ఆంధ్ర ప్రాంతంలో పర్యటిస్తూ నెల్లూరు జిల్లాకు వచ్చారు. ఏప్రిల్ 7న పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. పినాకిని అంటే మన పెన్నే. సబర్మతి ఒడ్డున ఉన్న ఆశ్రమం ఎలాంటిదో, దక్షిణాదిలో పెన్న ఒడ్డున అలాంటిదే వెలిసిందని ఆనాటివారు సంతోషించారు. దక్షిణ సబర్మతి అన్న పేరు అలా వచ్చిందే.

ఈ ఆశ్రమం వెనుక ఒక్కరి కల కాదు, కొందరి కలలు కలిశాయి. దిగుమర్తి హనుమంతరావు గారు, చతుర్వేదుల కృష్ణయ్య గారు గాంధీ మార్గంలో జీవితం గడపాలని వచ్చి ఆశ్రమ బాధ్యత నెత్తికెత్తుకున్నారు. భూమి ఇచ్చింది కనకమ్మ గారు. దక్షిణాఫ్రికాలో గాంధీ గారికి ఆప్తుడైన పార్సీ వర్తకుడు రుస్తుంజీ గారు భవనానికి ధనమిచ్చారు. ఆ భవనం ఆయన పేరుతోనే రుస్తుంజీ భవనమైంది. ఎక్కడి డర్బన్, ఎక్కడి పల్లిపాడు! సముద్రం అవతల వ్యాపారం చేసుకునే మనిషి సొమ్ము, పెన్న ఒడ్డున ఉన్న చిన్న పల్లెలో కొందరు రాట్నం తిప్పడానికి నీడయింది.

ఆశ్రమంలో నూలు వడకడం, ఖద్దరు నేయడం, అంటరానితనాన్ని పోగొట్టడానికి పాటుపడడం, చుట్టుపక్కల పల్లెలకు గాంధీ గారి సందేశాన్ని చేర్చడం జరిగేవి. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చేనాటికి ఆశ్రమం జిల్లాలో ఉద్యమకారులకు ముఖ్యమైన ఆసరాగా నిలిచింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. గాంధీ గారు పల్లిపాడులో గడిపిన సమయం తక్కువ. ఆయన వచ్చిన రోజున ఊరంతా తరలివచ్చి ఉంటుంది. ఆయన వెళ్ళిన మర్నాడు మాత్రం నీళ్ళు తోడాల్సింది, రాట్నాలు బాగుచేయాల్సింది, పల్లెపల్లెకూ నడవాల్సింది అక్కడ మిగిలిన ఆ కొద్దిమందే. హనుమంతరావు గారు 1926లో, చిన్న వయసులోనే కన్నుమూశారు. ఆయన బతికున్నంతకాలం చేసిన పనికి ఫొటోలు లేవు, పూలదండలు లేవు. అయినా ఆశ్రమం అంటే ఆ పనే.

నెల్లూరులో బడి

ఆశ్రమానికి చోటిచ్చిన రెండేళ్ళకు, 1923లో, కనకమ్మ గారు నెల్లూరులో బాలికల కోసం కస్తూరిదేవి విద్యాలయాన్ని స్థాపించారు. గాంధీ గారి సతీమణి కస్తూరిబా గారి పేరు పెట్టారు. ఆ ముందు ఏడాదే, 1922లో, గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు శారదా నికేతనం ప్రారంభించారు. స్త్రీలు చదువుకోకుండా దేశానికి స్వరాజ్యం వచ్చినా అది సగం స్వరాజ్యమేనని ఆ తరం గట్టిగా నమ్మింది.

బడి పెట్టడం ఒక రోజు పని. బడి నడపడం ప్రతిరోజూ చేయాల్సిన పని. ఉపాధ్యాయులుగా పనిచేసినవారికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నెల తిరిగేసరికి జీతాలు ఇవ్వాలి. వానాకాలం వస్తే కప్పు చూసుకోవాలి. పిల్లల్ని పంపమని ఇంటింటికీ తిరిగి అడగాలి. ఈడొచ్చిందని బడి మాన్పిస్తే మళ్ళీ వెళ్ళి తల్లిదండ్రుల్ని బతిమాలాలి. 1923లో ఆడపిల్లల బడి నడపడమంటే ఇవన్నీ ఇంకా నాలుగింతలు బరువు.

విద్యాలయం మొదలైన ఆరేళ్ళకు, 1929లో, గాంధీ గారు ఆంధ్రదేశ పర్యటనలో మళ్ళీ నెల్లూరు వచ్చినప్పుడు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. శంకుస్థాపన జరిగాక అంతా సాఫీగా సాగిందనుకుంటే పొరపాటు. మరుసటి ఏడాదే ఉప్పు సత్యాగ్రహం. కనకమ్మ గారు ఉద్యమంలోకి దిగారు. 1930లో ఒకసారి, 1932లో మరోసారి జైలుకు వెళ్ళారు. కలిగిన ఇంట పుట్టి, కలిగిన ఇంట మెట్టిన మనిషి రాయవేలూరు జైలులో ఖైదీగా రోజులు గడిపారు. అదే కాలంలో, 1930లో, నెల్లూరు వెంకట్రామానాయుడు గారి సంపాదకత్వంలో మొదలైన జమీన్ రైతు పత్రికకూ ఆమె అండగా నిలిచారు.

తర్వాత కొద్ది కాలానికే ఆమెను అన్నిటికంటే పెద్ద దెబ్బ తాకింది. ఒక్కగానొక్క కూతురు వెంకటసుబ్బమ్మ చిన్న వయసులోనే మరణించింది. అలాంటి దుఃఖం వచ్చినప్పుడు అన్నీ వదిలేసి ఇంట్లో కూర్చుంటే ఎవరూ తప్పుపట్టరు. కనకమ్మ గారు రమణ మహర్షి సన్నిధిలో ఊరట వెతుక్కున్నారు. కానీ బడిని వదల్లేదు. తన బిడ్డ పోయినా, ఊళ్ళోవాళ్ళ బిడ్డల చదువు ఆగకూడదనుకున్నారు. ఆమె 1963 సెప్టెంబర్ 15న కన్నుమూశారు. ఆమె కన్నుమూసేనాటికి బడి పుట్టి నలభై ఏళ్ళు. 2023లో ఆ బడి నూరేళ్ళు నిండించుకుంది.

కల, కష్టం, దారి

ఇప్పుడు మొదటి మాటకు వద్దాం. కల కని కష్టపడితే చాలు, సాధించి తీరతామని పిల్లలకు చెబుతున్నాం. ఆ మాటను కనకమ్మ గారి జీవితం పక్కన పెట్టి చూస్తే అందులో ఒక వెలితి కనిపిస్తుంది. 1911లో చదువురాని ఆ తొంభైతొమ్మిది మంది స్త్రీలు కష్టపడలేదా? పొలంలో నాట్లు వేసింది వాళ్ళే, కోతలు కోసింది వాళ్ళే, పిల్లల్ని పెంచింది వాళ్ళే. కష్టంలో వాళ్ళకు ఎవరూ సాటిరారు. వాళ్ళలో కలలు కన్నవారూ ఉండే ఉంటారు. వాళ్ళకు లేనిది దారి. బడి లేదు, పుస్తకం లేదు, వెళ్ళమ్మా చదువుకో అనే మనిషి లేదు.

కనకమ్మ గారికి కలిమి ఉంది, ఇంట్లో పుస్తకాలు చదువుకునే వీలుంది. ఆ వీలు అందరికీ లేదని ఆమె గుర్తించారు. ఆమె గొప్పతనం నాకు అక్కడే కనిపిస్తుంది. నేను కష్టపడి నేర్చుకున్నాను, వాళ్ళూ నేర్చుకోవచ్చుగా అనలేదు. తను పడిన కష్టం ఇంకో ఆడపిల్ల పడకుండా ఉండాలంటే ఏం చేయాలో ఆలోచించారు. ఆలోచించి బడి పెట్టారు. తన కల తన దగ్గర ఆగకుండా ఇంకొకరికి దారి అయ్యేలా చూశారు.

ఇలాంటివారు ప్రపంచంలో ఇంకా ఉన్నారు. అమెరికాలో మేరీ మెక్లాడ్ బెథూన్ అనే నల్లజాతి మహిళ, బానిసత్వంలో బతికి బయటపడిన తల్లిదండ్రుల బిడ్డ, 1904లో ఫ్లోరిడా తీరంలోని డేటోనాలో నల్లజాతి బాలికలకు బడి పెట్టింది. చేతిలో ఉన్నది ఒకటిన్నర డాలరు. చేరింది ఐదుగురు అమ్మాయిలు. అది పెరిగి పెరిగి ఈనాడు విశ్వవిద్యాలయంగా ఉంది. ఆమె దగ్గర డబ్బు లేదు, కనకమ్మ గారి దగ్గర ఉంది. దేశాలు వేరు, భాషలు వేరు. ఇద్దరూ చేసింది మాత్రం ఒకే పని. మొదటిరోజు ఉత్సాహాన్ని పదో ఏటికీ, ఇరవయ్యో ఏటికీ మోసుకెళ్ళారు.

కష్టం అంటే రాత్రింబవళ్ళు మేలుకోవడమే అనుకుంటాం. పరీక్షకు ముందు నెలరోజులు మేలుకోవడం అందరికీ తెలిసిన కష్టమే. ఎవరూ చూడని రోజున, ఎవరూ మెచ్చుకోని పనిని, నిన్న చేసినట్టే ఈ రోజూ చేయడం దానికంటే పెద్ద కష్టం. మన తీరప్రాంతంలో ఈ సంగతి తెలియనివారు లేరు. మైపాడు వైపు పట్టపుపాళేల్లో వేటకు వెళ్ళే మనిషి చేప పడిన రోజూ వెళతాడు, పడని రోజూ వెళతాడు. పెన్న కాలువ కింద వరి పండించే రైతు తుపాను వచ్చి పైరు పడిపోయిన మరుసటి ఏడాదీ నారు పోస్తాడు. మన పిల్లలకు కష్టం గురించి చెప్పాలంటే వాళ్ళ ఇళ్ళలోనే ఇలాంటి పాఠాలున్నాయి.

పల్లిపాడు చెప్పే ఇంకో మాట

పల్లిపాడు ఆశ్రమం కథలో మరో భాగం ఉంది. అది అంత సంతోషం కలిగించేది కాదు. స్వాతంత్ర్యం వచ్చాక, నాటి తరం ఒక్కొక్కరే వెళ్ళిపోయాక, ఆశ్రమం ఆలనాపాలనా లేక శిథిలమైంది. గాంధీ గారు ప్రారంభించిన చోటైనా సరే, చూసేవారు లేకపోతే గోడలు పడిపోతాయి. తర్వాత ఇండియన్ రెడ్ క్రాస్ సొసైటీ నెల్లూరు శాఖ పూనుకుని దాన్ని మళ్ళీ నిలబెట్టింది. 2021 ఏప్రిల్ 7కు ఆశ్రమానికి నూరేళ్ళు నిండాయి.

దీన్నుంచి మనం నేర్చుకోవాల్సింది ఉంది. కల కన్నవారి పేరు గొప్పగా చెప్పుకున్నంత మాత్రాన ఆ కల బతకదు. తర్వాతి తరం ఎవరో ఒకరు చీపురు పట్టాలి, సున్నం వేయాలి, తాళం తీయాలి. కన్నవారి కష్టం ఎంతో, నిలుపుకున్నవారి కష్టమూ అంతే. ఏ బడికైనా పూర్వ విద్యార్థుల సంఘం అవసరం ఎందుకొస్తుందంటే నా సమాధానం ఇదే. బడిని ఎవరో పెద్దలు కన్నారు, ఎందరో పంతుళ్ళు పెంచారు. ఇప్పుడు చూసుకోవాల్సిన వంతు ఆ బడిలో చదువుకున్నవారిది.

మన వంతు

స్వర్ణోత్సవం రోజున మనం కలుసుకుంటాం. పాత పంతుళ్ళకు శాలువాలు కప్పుతాం, పాత బెంచీల కబుర్లు చెప్పుకుంటాం, గ్రూపు ఫొటోలు దిగుతాం. అదంతా కావాల్సిందే. యాభై ఏళ్ళ అనుబంధానికి ఆ మాత్రం పండుగ చేసుకోవద్దా! అయితే అది గాంధీ గారు పల్లిపాడు వచ్చిన రోజు లాంటిది. మర్నాటి పని గురించి కూడా ఆ రోజే మాట్లాడుకుంటే బాగుంటుంది.

నాకు తోచినవి మూడు చెబుతాను. మొదటిది, పదో తరగతి తర్వాత చదువు ఆగిపోయే పిల్లల సంగతి. ముఖ్యంగా ఆడపిల్లల సంగతి. చాలాచోట్ల వాళ్ళ చదువు మార్కులు రాక ఆగదు. కాలేజీ దూరమని, బస్సు వేళకు రాదని, ఒంటరిగా పంపలేమని, సంబంధం వచ్చిందని ఆగుతుంది. వీటిలో ఏదీ ఆ పిల్ల కష్టపడితే తీరే సమస్య కాదు. మనలో ఒక్కొక్కరు ఒక్కో పిల్లకు రెండేళ్ళపాటు అండగా ఉంటే, ఫీజు కట్టడమే కాకుండా ఇంటికి వెళ్ళి అమ్మానాన్నలతో మాట్లాడితే, చాలా మార్పు వస్తుంది. కనకమ్మ గారి కాలంలో చేయాల్సి వచ్చిన పని ఇంకా మిగిలే ఉంది.

రెండోది గ్రంథాలయం. పదిహేనేళ్ళ వయసులో సమాజం పెట్టి, తర్వాత ఊళ్ళో పుస్తకాలకు చోటు చూపించిన మనిషి జిల్లా ఇది. బీరువా కొనివ్వడం తేలిక. వారానికి ఒక గంట ఆ బీరువా తెరిచి, పిల్లల చేతికి పుస్తకమిచ్చి, చదివారా అని అడిగే మనిషి దొరకడం కష్టం. ఊళ్ళోనే ఉంటున్న పూర్వ విద్యార్థులు, పదవీవిరమణ చేసిన మాస్టార్లు ఆ గంట ఇవ్వగలిగితే లక్షల విరాళానికి తీసిపోదు.

మూడోది చరిత్ర రాసుకోవడం. కనకమ్మ గారు తన ఆత్మకథ రాసి ఉంచారు. కనకపుష్యరాగం అనే పేరుతో అది పుస్తకంగా వచ్చింది 2011లో, అంటే ఆమె పోయిన 48 ఏళ్ళకు. అది రాకపోతే ఆమె గురించి మనకు తెలిసేది చాలా తక్కువ. మన బడి సంగతులూ అంతే. ఏ గది ఎప్పుడు కట్టారు, ఎవరు స్థలమిచ్చారు, ఏ మాస్టారు వానలో తడుస్తూ సైకిలు మీద వచ్చి పాఠం చెప్పారు, ఇవన్నీ ఇప్పుడు పెద్దవారి జ్ఞాపకాల్లోనే ఉన్నాయి. వారున్నప్పుడే అడిగి రాసి పెట్టుకుందాం.

మన బడిలో ఈ రోజు కూర్చున్న పిల్లలకు కలలున్నాయి. ఒకరు నర్సు కావాలనుకుంటారు, ఒకరు పోలీసు, ఒకరు ఇంజనీరు, ఒకరు రొయ్యల గుంటల్లో నష్టపోయిన నాన్న అప్పు తీర్చాలనుకుంటారు. వాళ్ళు కష్టపడతారు కూడా, అందులో నాకు సందేహం లేదు. కల కనమని, కష్టపడమని వాళ్ళకు తప్పక చెబుదాం. దారి వేసే పని మాత్రం వాళ్ళ మీద పెట్టకుండా మనం తీసుకుందాం. పల్లిపాడులో ఆ స్థలం ఇచ్చిన తల్లి అదే చేసింది.